గ్రీకు రోమను సంస్కృతి : విశ్వవిద్యాలయములందు ఉపవిషయముగా దాని అధ్యయనము

పట్టపరీక్షకు చదువు విద్యార్థి ఒక ప్రధాన విషయమును ఎన్నుకొని, దానికి తోడుగా మఱొక విషయమును తక్కువ పరిమాణమున అభ్యసించు పద్ధతి పాశ్చాత్య విశ్వవిద్యాలయములందు, విశేషించి అమెరికాలో, చిరకాలముగా కలదు. ఈ రెండవదానిని వారు మైనరు అందురు. ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కళాశాలలందు 2023-24 విద్యాసంవత్సరము నుండి ఒక ప్రధాన విషయము, ఒక మైనరు అను క్రమము ప్రవేశపెట్టబడుటచే ఈ మాట మన విద్యార్థుల నోళ్లలో కూడ నానుచున్నది. ఈ వ్యాసమున దానిని ఉపవిషయమని వ్యవహరించుచున్నాను. ప్రాచీన గ్రీకు రోమను సంస్కృతి అను విద్య ఇట్టి ఉపవిషయముగా ఎట్లు రూపొందినది, దానియందు ఏమి చదివింపబడును, తెలుగు పరిశోధకునకు దానితో గల నిజమైన సంబంధ మెట్టిది అను నంశములు ఇచట వివరింపబడును.

మొదట ఈ విద్య ఉపవిషయము కాదు, అదియే విద్య. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమునందలి లిటెరె హ్యుమానియోరెస్ అను పాఠక్రమము గ్రీకు లాటిను భాషలు, ప్రాచీన చరిత్ర, తత్త్వశాస్త్రము కలిపి నాలుగేండ్లు సాగును. గణితము చదువ దలచినవాడు గాని, ప్రకృతి శాస్త్రములు చదువ దలచినవాడు గాని గ్రీకు రానిదే ఆ విశ్వవిద్యాలయ ద్వారము దాట వీలులేకుండెను. ఈ నిర్బంధమును కేంబ్రిడ్జి 1919లోను, ఆక్స్‌ఫర్డు 1920లోను తొలగించినవి. లాటిను నిర్బంధము 1960 వఱకు ఉభయత్ర నిలిచియే యున్నది. దాని ప్రభావము మన దేశమును సైతము తాకినది. 1855లో ఇండియను సివిలు సర్వీసు పోటీపరీక్షకు నిర్ణయించిన మార్కులలో గ్రీకునకు 750, లాటినునకు 750, సంస్కృతమునకు 375, అరబ్బీకి 375. భారతదేశమును పాలింపవలసినవాని పరీక్షలో హోమరు వాల్మీకికి రెట్టింపు! ఆ పట్టికను చూచిన పిదప, ఈ విద్యయెడ మన పూర్వులలో కొందఱికి గల విముఖతను తప్పుపట్టుట కష్టము. కాని విముఖత వేఱు, విషయము వేఱు.

నిర్బంధము తొలగుటతో గ్రీకు లాటినులు చదువువారి సంఖ్య తగ్గినది. ఆ గ్రంథములు చదువ గోరువారి సంఖ్య మాత్రము తగ్గలేదు. ఈ రెంటి నడుమ ఏర్పడిన ఖాళీయందే నేటి ఉపవిషయము మొలకెత్తినది. దానికి అనువాదములు నేల దున్నినవి. 1911లో జేమ్సు లోబు అను ధనికుడు స్థాపించిన లోబు గ్రంథమాలలో ఒక పుట మూలము, ఎదుటి పుట ఇంగ్లీషు అనువాదము ముద్రింపబడును. గ్రీకు గ్రంథములకు ఆకుపచ్చ అట్ట, లాటిను గ్రంథములకు ఎఱ్ఱ అట్ట. 1946లో ఇ. వి. ర్యూ చేసిన ఒడిస్సీ అనువాదముతో పెంగ్విను క్లాసిక్సు మొదలైనవి. అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయమున జాను ఎర్స్‌కిను 1920లో ప్రారంభించిన మహాగ్రంథ పఠన తరగతి, 1937 నుండి అచట మొదటి యేటి విద్యార్థులందఱును హోమరును అనువాదమున చదువు నిర్బంధ పాఠముగా పరిణమించినది. మూలభాష రానివాడు కూడ విశ్వవిద్యాలయమున ఈ గ్రంథముల ముందు కూర్చుండవచ్చునని ఈ ఏర్పాటులు స్థిరపఱచినవి.

నేడు ఇట్టి ఉపవిషయమును కోరు విద్యార్థి సాధారణముగా ఐదు మొదలు ఏడు పాఠ్యాంశములు పూర్తిచేయవలసి యుండును. అందు ఇతిహాసము, నాటకము, చరిత్ర, కళ, పురావస్తువులు, తత్త్వము, పురాణగాథలు, న్యాయశాస్త్రము మున్నగువాని నుండి ఎన్నుకొనుటకు స్వేచ్ఛ కలదు. పెక్కుచోట్ల దీనికి రెండు దారులున్నవి. ఒకటి భాషాప్రధానము; గ్రీకు గాని లాటిను గాని ఒకటి రెండేండ్లు నేర్చి మూలమున కొంత చదువుట. రెండవది నాగరికతాప్రధానము, అంతయు అనువాదములందే. ఉపవిషయముగా తీసికొనువారిలో రెండవ దారి తొక్కువారే యెక్కువ.

ఇచటనే వివాదము. అనువాదమున చదివిన చదువు చదువగునా? ప్రిన్సుటను విశ్వవిద్యాలయము 2021లో తన క్లాసిక్సు శాఖయందు ప్రధాన విషయముగా చదువువారికి సైతము గ్రీకు లాటిను నిర్బంధమును సడలించినప్పుడు పెద్ద చర్చ చెలరేగినది. భాష తెలియనివానిని లోపలికి రానిచ్చుట ఔదార్యమని కొందఱు, వానికి అసలు వస్తువును ఇయ్యకుండ పంపుట అన్యాయమని కొందఱు వాదించిరి. ఆ యేటనే, నల్లజాతి విద్యార్థుల విద్యకు ప్రసిద్ధికెక్కిన హోవర్డు విశ్వవిద్యాలయము తన క్లాసిక్సు శాఖను రద్దుచేయ నిశ్చయించినది. పాఠములు కొన్ని ఇతర శాఖలలో కలిసినవి. ఈ రెండు నిర్ణయములను ప్రక్కప్రక్కన పెట్టి చూచిన, ఈ విద్యకు గల ప్రమాదము భాషా నిర్బంధము సడలుటవలన మాత్రమే కాదనియు, శాఖయే లేకపోవుటవలన అంతకు మించినదనియు తోచును.

నా అభిప్రాయమున అనువాదము ప్రవేశమునకు చాలును, ప్రమాణమునకు చాలదు. కథను, పాత్రను, సన్నివేశ కల్పనను అనువాదము తేగలదు. ఒక పదముపై వాదము నిలుచునప్పుడు మాత్రము అది చేతులెత్తివేయును. కేతనను, తిక్కనను ఇంగ్లీషున మాత్రమే చదివి తెలుగు శైలిని గూర్చి సిద్ధాంతము చేయువానిని మనమెట్లు చూతుమో, ఆ మేర మనలను కూడ అన్యులు చూచుట న్యాయమే. అందుచే ఉపవిషయమైనను ఒక సంవత్సర మేదో యొక భాష ఉండవలెను. పండితుడగుటకు కాదు, అనువాదకుడు ఎచట తడబడినాడో పసిగట్టుటకు.

ఇక విషయములోనికి వత్తము. ఈ పాఠక్రమమున తెలుగు విద్యార్థికి మొదట ఎదురగునది హోమరు. ఇలియడు ఇరువది నాలుగు సర్గలు, పదునైదు వేల పాదములకు పైబడిన కావ్యము. అకిలీసు కూర్చుండియున్నను వానికి శీఘ్రపాదుడను విశేషణము తప్పదు. ఇట్టి పునరుక్తులు కవి యశక్తికి గుర్తులని కొందఱు పూర్వ విమర్శకులు తలచిరి. మిల్మను ప్యారీ అను అమెరికను పండితుడు 1920-35 నడుమ ఈ విశేషణములను ఛందస్సుతో సరిచూచి, పాదమున ఏ భాగము పూరింపవలెనో దానికి తగిన పదబంధము ఒక్కొక్క వీరునకు సిద్ధముగా నున్నదని నిరూపించెను. అనగా ఇది వ్రాసి దిద్దుకొన్న కవిత కాదు, ఆశువుగా గానము చేయువాని పనిముట్టు. పిదప ఆతడు యుగోస్లావియాకు పోయి, చదువురాని గాయకుల పాటలను రికార్డు చేసి, సజీవ సంప్రదాయమున ఆ మార్గమును పరీక్షించెను. 1935లో ఆతడు అకాలమరణము చెందగా, శిష్యుడు ఆల్బర్టు లార్డు 1960లో ది సింగర్ ఆఫ్ టేల్సు అను గ్రంథమున ఆ కృషిని పూర్తిచేసెను.

ఇది మనకు దూరపు సంగతి కాదు. పల్నాటి వీరకథను, కాటమరాజు కథను పాడు గాయకులు మన యెదుటనే యుండిరి. జీను రోగైరు పల్నాటి గాయకుని నోటినుండి విని, 1982లో ది ఎపిక్ ఆఫ్ పల్నాడు ప్రకటించినాడు. మౌఖిక ఇతిహాసమను భావనయే లేనిచో, ఇట్టి కథల పాఠభేదములను లేఖక దోషములుగా లెక్కించి, శుద్ధ ప్రతి యొకటి ఎచటనో యున్నదని మనము వెదకుచుండెడివారము. పాడిన ప్రతిసారియు ఒక ప్రతియే యను గ్రహింపు ప్యారీ చేతికి మొదట హోమరునుండియే వచ్చినది.

నాటకము విషయమున లాభము వేఱొక రీతిది. అచట నేర్చుకొనవలసినదానికంటె వదలుకొనవలసినది హెచ్చు. ధర్మవరము రామకృష్ణమాచార్యుల విషాద సారంగధర తెలుగున తొలి విషాదాంత నాటకముగా పేర్కొనబడుచున్నది. ఆ నాటినుండి ట్రాజెడీ యనగా విషాదాంతమని మన విమర్శలో స్థిరపడినది. గ్రీకు ట్రాజెడీలు నేటికి నిలిచినవి ముప్పదికి కొంచెము మించవు: ఎస్కిలసువి ఏడు, సోఫోక్లీసువి ఏడు, తక్కినవి యూరిపిడీసువి. వీనిలో సుఖాంతములును కలవు. క్రీ. పూ. 458లో ప్రదర్శితమైన ఎస్కిలసు ఒరెస్టియాలో మూడవ నాటకము న్యాయసభలో విముక్తితో, దేవతల శాంతితో ముగియును. క్రీ. పూ. 409 నాటి సోఫోక్లీసు ఫిలొక్టెటీసు రోగికి స్వస్థతయు వీరునకు యశస్సును వాగ్దానము చేయుచు ముగియును. అరిస్టాటిలు కూడ పొయెటిక్సు పదుమూడవ అధ్యాయమున భాగ్యమునుండి దౌర్భాగ్యమునకు జారు కథను మెచ్చి, మఱుసటి అధ్యాయముననే, చంపబోవు క్షణమున తన సోదరుని గుర్తెఱిగి ఆగిన ఇఫిజీనియా కథవంటిదానిని ఉత్తమమనెను. ఈ రెంటిని సమన్వయించుటకు పండితులు శతాబ్దములుగా శ్రమపడుచునే యున్నారు. గ్రంథమును చదివినవానికి ఈ చిక్కు తెలియును. గ్రంథమును గూర్చి చదివినవానికి సూత్రము మాత్రమే తెలియును.

కథార్సిస్ అను మాటయు నట్టిదే. దానిని మనవారు క్షాళనమనియు విరేచనమనియు అనువదించి, రసనిష్పత్తితో పోల్చి విస్తారముగా చర్చించిరి. ఆ చర్చ వ్యర్థమని నే ననను. కాని పొయెటిక్సున ట్రాజెడీ లక్షణము చెప్పుచు అరిస్టాటిలు దానిని ఒక్కసారియే వాడి వివరింపక విడిచెననియు, పిదప కథాసందర్భమున కనబడు ప్రయోగము ఒక శుద్ధికర్మకు సంబంధించినదనియు విద్యార్థికి మొదటనే తెలిసియుండవలెను. స్థల కాల కార్య సమైక్యములు మూడును అరిస్టాటిలు నిర్దేశించినవేయని మన పాఠ్యపుస్తకములందు తఱచు కనబడును. ఆతడు నొక్కి చెప్పినది కార్యైక్యము నొక్కదానినే; మూడింటిని నియమముగా కూర్చినవాడు 1570లో పొయెటిక్సునకు వ్యాఖ్య వెలువరించిన ఇటలీ పండితుడు కాస్టెల్వెట్రో.

యవనిక మాటను కూడ ఇచటనే ముగింతును. సంస్కృత నాటకము గ్రీకులనుండి వచ్చినదని 1882లో విండిషు వాదించినప్పుడు, తెఱకు గల యవనిక యను పేరు కూడ ఆ పక్షమువారికి ఉపకరించినది. ప్రాచీన గ్రీకు రంగస్థలమునకు ముందు తెఱయే లేదు. కొండవాలున బహిరంగముగా కట్టిన అర్ధవృత్తాకార ప్రేక్షకస్థలము, నడుమ మేళము ఆడిపాడుటకు వృత్తము, వెనుక ఒక కట్టడము, పగటి వెలుతురు. లేని తెఱనుండి పేరెట్లు వచ్చును?

ఈ విద్యను ఆరాధనగా నేర్పుట యూరపున చాల కాలము జరిగినది. తెల్లని పాలరాతి విగ్రహములను చూచి ఆ తెలుపునే సౌందర్యమునకు ఆదర్శమని కొనియాడిరి. ఆ విగ్రహములు నిర్మించిన నాడు రంగులు పూసినవని ఇపుడు తెలిసినది. ఏథెన్సు ప్రజాస్వామ్యమును పొగడునపుడు, అచట స్త్రీలకు ఓటు లేదనియు, క్రీ. పూ. 451 నాటి పెరిక్లీసు శాసనముచే తల్లియు తండ్రియు ఏథెన్సువారైన గాని పౌరుడు కాలేకుండెననియు, బానిసల శ్రమపై ఆ నగరము నిలిచినదనియు, కొందఱు స్వభావముచేతనే బానిసలని రాజనీతి గ్రంథమున అరిస్టాటిలే సమర్థించెననియు చెప్పకుండుట తగదు. నేటి మంచి పాఠక్రమములు వీనిని దాచవు. దీనికి ఎదురుగా మనయందు మఱొక వ్యాధి కలదు: గ్రీకులవద్ద ఏది కనబడినను అది మనకు ముందే కలదని నిరూపించుటకు తొందరపడుట. రెండును చదువునకు అడ్డుపడునవే.

ఇంతవఱకు చెప్పినది సాహిత్య విద్యార్థికి. ఆంధ్రుల చరిత్ర చదువువానికి ఈ ఉపవిషయము ఇంకను సన్నిహితము. ఏలయన మన చరిత్రకు ఆధారములలో కొన్ని గ్రీకు లాటినులందే యున్నవి. ఆంధ్రులకు ముప్పది ప్రాకార నగరములు, లక్ష పదాతులు, రెండువేల గుఱ్ఱపు దండు, వేయి ఏనుగులు కలవని మెగస్తనీసు వ్రాసెనని మన చరిత్ర పుస్తకములందు చిన్నతరగతుల నుండియు చదువుచున్నాము. క్రీ. పూ. 300 ప్రాంతమున సెల్యూకసు పంపగా చంద్రగుప్త మౌర్యుని కొలువునకు వచ్చిన ఆ రాయబారి గ్రంథము నేడు లేదు. ఈ వాక్యమున్నది క్రీ. శ. 77లో టైటసునకు అంకితమై, ముప్పదియేడు సంపుటములు గల ప్లినీ ప్రకృతి చరిత్రయందు, ఆఱవ సంపుటమున. భాష లాటిను, జాతి పేరు అందరే. అనగా మెగస్తనీసునకును దీనికిని నడుమ మూడున్నర శతాబ్దములకు పైగా దూరము.

ప్లినీ ఈ సంఖ్యలను ఎవరినుండి గ్రహించెను? ఆ సందర్భముననే ఆతడు భారత రాజులవద్ద నివసించి వారి జాతుల బలములను తెలిపిన గ్రీకు రచయితలకు ఉదాహరణముగా ఇద్దఱిని పేర్కొనెను: మెగస్తనీసును, ఈజిప్టు రాజగు టాలెమీ ఫిలడెల్ఫసు పంపిన డయొనీసియసును. ఆంధ్రులను గూర్చిన వాక్యము వీరిలో ఎవరిదని ఆతడు చెప్పలేదు. 1846లో ష్వాన్‌బెకు అను జర్మను పండితుడు మెగస్తనీసు శకలములను కూర్చునప్పుడు ఈ భాగమును అందు చేర్చెను. 1877లో మెక్రిండిలు ఆ సంకలనమును ఇంగ్లీషునకు అనువదించెను. అచటనుండి అది మన పుస్తకములలోనికి దిగినది. ప్రతి మెట్టునను ఒక నిర్ణయము జరిగినది. మన చేతికి వచ్చునప్పటికి నిర్ణయము వాస్తవముగా మారినది. మౌర్యుల కాలమున ఆంధ్రుల బలము నిర్ణయించుటకు ఈ వాక్యమును వాడవచ్చును. కాని అది మెగస్తనీసుదే యను నిశ్చయముతో కాదు. క్రీ. పూ. మూడవ శతాబ్దినాటి సమాచారమని చెప్పి యూరకుండుట మేలు.

సంఖ్యలను గూర్చియు నొక మాట. రోమను లెక్కలు అక్షరములతో వ్రాయబడును. నూటిని తెలుపు సి యను అక్షరముపై అడ్డుగీత యున్నచో అది లక్ష యగును. శతాబ్దముల తరబడి మఠములలో చేతితో ప్రతులు వ్రాయువాడు ఒక గీత విడిచినను, ఒకటి కలిపినను సైన్యము వేయి రెట్లు మారిపోవును. తాళపత్రములతో పనిచేసినవారికి ఇది వింతగా తోపదు. మన పాఠపరిష్కరణ శాస్త్రమును యూరపు పండితులు గ్రీకు లాటిను ప్రతులపై సానపట్టిన పద్ధతులతో పోల్చి నేర్పుట, తెలుగు శాఖలకు ఈ ఉపవిషయమువలన కలుగు లాభములలో నా దృష్టికి ప్రథమము.

ప్లినీ తరువాత చూడవలసినవి రెండు గ్రీకు గ్రంథములు. ఎరిథ్రియను సముద్ర పెరిప్లసు క్రీ. శ. మొదటి శతాబ్ది మధ్యమున ఈజిప్టునుండి వ్యాపారము చేసిన పేరు తెలియని వర్తకుడు వ్రాసిన చిన్న పుస్తకము, అఱువదియాఱు ప్రకరణములు. అందు అఱువది రెండవదానియందు మసాలియ యను దేశమును, అచట విస్తారముగా నేయబడు నూలుబట్టలను పేర్కొనెను. అంతకు ఐదు వందల యేండ్ల ముందు హెరొడోటసు భారతీయుల చెట్లు ఉన్ని కాయునని ఆశ్చర్యపడెను. ఈ వర్తకునకు ఆశ్చర్యము లేదు, సరకు మాత్రమే కలదు. రెండవ శతాబ్దివాడగు టాలెమీ భూగోళమున మైసోలియా, మైసోలోసు నది, కొంటకోస్సూల యను రేవు కనబడును. ఆ తీరముననే ఓడలు సువర్ణభూమికి బయలుదేరు చోటును కూడ ఆతడు గుర్తించెను. మైసోలోసు కృష్ణయని పెక్కుఱు, గోదావరియని కొందఱు. కొంటకోస్సూల విషయమున మాత్రము నేల సాక్ష్యమిచ్చినది: నాగార్జునకొండయందలి బోధిసిరి శాసనమున కంటకసెల మహాచైత్యము పేర్కొనబడినది, అది నేటి ఘంటసాల. గ్రీకు అక్షరములలో వంకర తిరిగిన పేరును ప్రాకృత శాసనము సరిచేసినది. గ్రీకు మాత్రమే చదివినవాడు ఈ ముడి విప్పలేడు. ప్రాకృతము మాత్రమే చదివినవానికి ముడి యున్నదనియే తెలియదు.

నాగార్జునకొండ నుండి ఇంకొక ఉదాహరణము. అచటి మెట్ల వరుసలు గల క్రీడారంగమును చూచి, రోమను ఆంఫీథియేటరు అనువారు కలరు. ఆంఫీథియేటరు అండాకృతి, గ్రీకు థియేటరు అర్ధవృత్తము. మన కట్టడము దీర్ఘచతురస్రాకృతి. రోముతో ఆ ప్రాంతమునకు వ్యాపార సంబంధము నిస్సందేహము, అచట రోమను బంగారు నాణెములు దొరికినవి. నాణెము వచ్చినచో కట్టడము కూడ వచ్చినదని అనుకొనుట మాత్రము తర్కము కాదు. కళ, పురావస్తువుల పాఠ్యాంశమును ఒక్కదానిని చదివినవాడైనను ఈ భేదమును చిత్రపటముననే గుర్తింపగలడు.

మన విశ్వవిద్యాలయములు ఇట్టి ఉపవిషయమును ఏర్పఱచినచో ఆఱు పాఠ్యాంశములు చాలును. హోమరును మౌఖిక ఇతిహాసమును ఒకటి. గ్రీకు నాటకము, పొయెటిక్సు ఒకటి. హెరొడోటసు మొదలు టాసిటసు వఱకు చరిత్రకారులు ఒకటి. కళ, పురావస్తువులు ఒకటి. గ్రీకు లాటిను రచయితలు భారతమును గూర్చి వ్రాసినది ఒకటి. ఆఱవది భాష. రెండింటిలో నేనైతే లాటినును ముందు పెట్టుదును. సంస్కృత విభక్తులు, లకారములు ఎఱిగినవానికి దాని వ్యాకరణము క్రొత్తదారి కాదు, లిపి ఇంగ్లీషుదే. మొదటి యేటి చివర విద్యార్థిచే చదివింపవలసిన పాఠము కూడ సిద్ధముగానే యున్నది. ఆంధ్రులను గూర్చిన ప్లినీ వాక్యము మూలమున ముప్పది మాటలకు మించదు.